జ్వరం తగ్గని పిల్లల కోసం

గౌరవనీయులైన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా కలెక్టర్ గారికి,
అంతాయిపల్లి.

విషయం: రక్త క్యాన్సర్‌తో చనిపోయిన మా విద్యార్థి జ్ఞాపకార్థం, టీనేజీ పిల్లల వైద్యం, రాకపోకలు, చదువు గురించి కొన్ని కోరికలు.

ఆర్యా,

మేడ్చల్, శామీర్‌పేట మండలాల్లోని ప్రభుత్వ బడుల్లో పిల్లలను చదివిస్తున్న తల్లిదండ్రులం, వాళ్లకు పాఠాలు చెప్పే ఉపాధ్యాయులం కలిసి ఈ వినతిపత్రం సమర్పిస్తున్నాం. మా బడిలో పదో తరగతి పూర్తి చేసిన అబ్బాయి ఒకడు లుకేమియాతో చనిపోయాడు. పేరు రాయొద్దని అమ్మానాన్నలు కోరారు. కుర్రాళ్లు చౌరస్తాలో ఫ్లెక్సీ కడతామన్నా వద్దన్నారు. తమవాడి విషయంలో జరిగిన ఆలస్యం ఇంకో ఇంట్లో జరగకుండా అధికారులను అడగమన్నారు. అందుకే మీ దగ్గరికి వచ్చాం.

మొదట జ్వరం వచ్చింది. తగ్గేది, వారం తిరక్కుండా మళ్లీ వచ్చేది. కబడ్డీలో కూతకు వెళ్తే ఎవరికీ చిక్కనివాడు బడి మెట్లెక్కడానికే ఆయాసపడ్డాడు. దెబ్బ తగలకుండానే కాళ్ల మీద నీలి మచ్చలు లేచాయి. చిగుళ్ల నుంచి రక్తం కారేది. రక్తం తక్కువని ఒకచోట టానిక్ రాశారు, టైఫాయిడని ఇంకోచోట సెలైన్లు ఎక్కించారు. సీబీపీ అనే మామూలు రక్తపరీక్ష చేయించండని ఒకరు చెప్పేసరికి నెలలు గడిచిపోయాయి. ఆ కాగితంలో తెల్లకణాల అంకె చూశాక గానీ పెద్దాసుపత్రికి పంపలేదు.

పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఈ లుకేమియానే. నయం చేయగల జబ్బు కూడా. సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో నూటికి 80 మందికి పైగా కోలుకుంటున్నారనీ, పేద, మధ్య ఆదాయ దేశాలు చాలావాటిలో ఆ సంఖ్య 30 లోపే ఉంటోందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జబ్బును గుర్తించకపోవడం, ఆలస్యంగా గుర్తించడం, చికిత్స మధ్యలో ఆగిపోవడం ఇందుకు ముఖ్య కారణాలని కూడా చెబుతోంది. ఈ మూడూ మందులు కనిపెట్టేవాళ్ల చేతిలో ఉన్నవి కావు. మండల స్థాయిలో మనం సరిచేసుకోగలిగినవే.

అందుకే మా మొదటి కోరిక బడి దగ్గరే మొదలవుతుంది. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు 18 ఏళ్ల లోపు పిల్లలను చూస్తున్నాయి. ప్రభుత్వ బడికి ఏడాదికొకసారి వస్తాయి. ఆ బృందాలకూ పీఈటీ సార్లకూ ఆశా కార్యకర్తలకూ ఒక్కపూట శిక్షణ ఇప్పించండి. రెండు వారాలు దాటిన జ్వరం, పాలిపోయిన ముఖం, కారణం లేని నీలి మచ్చలు, మెడ దగ్గర గడ్డలు, రాత్రిళ్లు ఎముకల నొప్పి కనిపిస్తే టానిక్‌తో సరిపెట్టకుండా, తెలంగాణ డయాగ్నస్టిక్స్‌లో ఉచితంగా జరిగే రక్తపరీక్షకు అదే వారం పంపాలి. ఇంకో మాట. పది పాసై ప్రైవేటు ఇంటర్ కాలేజీలో చేరిన రోజే పిల్లలు ఈ తనిఖీ నుంచి జారిపోతున్నారు. మన చుట్టూ అలాంటి కాలేజీలు ఎన్నో మీకు తెలుసు. వాటినీ ఇందులోకి తేవాలి.

చికిత్స గురించి మాకు ఫిర్యాదు లేదు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరు 9న 10 లక్షలకు పెంచడం మా లాంటి ఇళ్లకు పెద్ద అండ. కానీ పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం లుకేమియాకు మందులు రెండేళ్లకు పైగా వాడాలి. శామీర్‌పేట నుంచి జేబీఎస్, అక్కడి నుంచి ఇంకో బస్సులో లక్డీకాపూల్, దిగి రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి నడక. కీమో తర్వాత తెల్లకణాలు పడిపోయిన పిల్లవాడికి పక్కనున్నవాళ్ల జలుబు కూడా ప్రాణం మీదికి తెస్తుంది. అలాంటివాడు రాజీవ్ రహదారి మీద కిక్కిరిసిన బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి వెళ్లాడు. మహాలక్ష్మి పథకం కింద అమ్మకు జీరో టికెట్ వచ్చింది, అబ్బాయికీ నాన్నకూ డబ్బులు కట్టాల్సి వచ్చింది. చికిత్సలో ఉన్న పిల్లలకు, ఆడైనా మగైనా, తోడు వెళ్లే ఒకరికి ఉచిత పాసు, ముందు సీటు ఇప్పించండి. అన్ని జిల్లా ఆసుపత్రుల్లో మూడేళ్లలో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని 2025 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. నగరంలోని డాక్టర్లు రాసిచ్చిన ఇంజెక్షన్, రక్తపరీక్ష మేడ్చల్‌లోనో శామీర్‌పేటలోనో అందేలా ఆ సేవను ఇటు వైపుకూ తీసుకురండి.

రక్తం సంగతి కూడా చెప్పాలి. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు, కాబట్టి ప్రతిసారీ అప్పటికప్పుడు దాతను వెతుక్కోవాలి. తరగతి పిల్లలంతా మేమిస్తామంటే మేమిస్తామని ముందుకొచ్చారు. 18 ఏళ్లు నిండనిదే తీసుకోరని చెబితే ఏడ్చేశారు. చివరికి వాళ్ల అన్నలూ మామలూ ఆటో స్టాండు వాళ్లూ వెళ్లి ఇచ్చారు. తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలో వేలమంది యువ ఉద్యోగులున్నారు. దేశం వాడిన కోవిడ్ టీకాల్లో ఒకటి అక్కడ తయారైంది. ఆ కంపెనీలతో మాట్లాడి దాతల జాబితా ఒకటి సిద్ధం చేయించండి. 2013 కంపెనీల చట్టం ప్రకారం సామాజిక బాధ్యత కింద లాభాల్లోంచి ఖర్చు పెట్టే 2 శాతం నిధులతో రోగుల కోసం ఒక వాహనం అడగండి.

పది పరీక్షలు రాసేటప్పటికి అబ్బాయికి జుట్టంతా రాలిపోయింది. హాల్ టికెట్ ఫోటోలో ఒత్తయిన క్రాఫు ఉంది. పరీక్షా కేంద్రంలో ఒకరు టోపీ తీయమన్నారు, తీశాడు. గదిలో అందరూ తిరిగి చూశారు. తల దించుకుని పేపరు రాసి వచ్చాడు. బడి నుంచి ఒక్క ఉత్తరం ముందుగా వెళ్లి ఉంటే ఆ పూట అలా గడిచేది కాదు. చికిత్సలో ఉన్న పిల్లలకు విడి గది, అవసరమైతే సహాయకుడు, హాజరులో మినహాయింపు, ఇంటి దగ్గర పాఠాలు ఇవ్వాలని డీఈఓ గారి ద్వారా ఉత్తర్వు ఇప్పించండి.

జబ్బు తిరగబెట్టాక అబ్బాయి ఇంట్లోనే ఉంటానన్నాడు. నొప్పి తగ్గించే మార్ఫిన్ కోసం నాన్న నగరానికి తిరిగేవాడు. ఆయన వచ్చేదాకా అమ్మ కాళ్లు పడుతూ కూర్చునేది. మార్ఫిన్ నిబంధనలను 2014లోనే కేంద్రం సడలించింది. రాష్ట్రంలో ‘ఆలన’ బృందాలు ఇళ్లకు వెళ్లి సేవ చేస్తున్నాయి. ఆ బృందం మా రెండు మండలాల్లో ఏ రోజు ఏ ఊరికి వస్తుందో బడి గోడ మీద రాయించండి. నొప్పి మందు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలోనే దొరకాలి.

వీటిలో బడి బృందాల శిక్షణకు, పరీక్షల ఉత్తర్వుకు పెద్దగా డబ్బు అక్కర్లేదు. ఆ రెండూ జూన్‌లో బడులు తెరిచేలోపు జరగాలని గట్టిగా కోరుతున్నాం. మిగతావి చూడటానికి ఒక అధికారిని నియమించి, ఏది ఎప్పటికి చేస్తారో రాతపూర్వకంగా తెలియజేయండి. జవాబు కోసం సోమవారం ప్రజావాణికి మళ్లీ వస్తాం. అబ్బాయి అమ్మానాన్నలు కూడా మాతో వస్తామన్నారు.

ఇట్లు,
మేడ్చల్, శామీర్‌పేట మండలాల విద్యార్థుల తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు