తోక చెప్పే ఆరోగ్యం!

కుక్కపిల్లకు ఒంట్లో బాగోకపోతే మూలుగుతుంది. పిల్లి ఓ మూలన ముడుచుకుంటుంది. మరి బల్లి? చివరిదాకా ఏమీ బయటపడనివ్వదు! నీరసంగా కనిపిస్తే శత్రువుకు దొరికిపోతామన్నది అడవి జీవుల సహజ జాగ్రత్త. గాజుపెట్టెలోకి వచ్చినా ఆ గుణం పోదు. తిండి మానేసిందని ఇంట్లోవాళ్లు గమనించేసరికే సగం చిక్కిపోయి ఉంటుంది. అందుకే లెపర్డ్ గెకోలను పెంచడంలో చేయి తిరిగినవాళ్లు రెండింటినే నమ్ముకుంటారు. ఒకటి దాని తోక. రెండోది వంటింట్లో వాడే చిన్న డిజిటల్ కాటా!

రెప్పలున్న బల్లి

పసుపు రంగు ఒంటిమీద చిరుతపులిలా నల్లమచ్చలు... అందుకే దానికి ఆ పేరు. పుట్టిల్లు పాకిస్థాన్, అఫ్గానిస్థాన్, వాయవ్య భారతంలోని రాళ్లూ పొదలూ ఉన్న మెట్ట నేలలు. కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ మ్యూజియం బాధ్యతలు చూసిన ఎడ్వర్డ్ బ్లైత్ 1854లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. మన గోడల మీది బల్లికి కనురెప్పలుండవు. దీనికుంటాయి. గోడలెక్కడానికి పనికొచ్చే వేళ్ల మెత్తలు మాత్రం లేవు. అమెరికా, ఐరోపా దేశాల్లో తరతరాలుగా పెట్టెల్లోనే పుట్టి పెరుగుతున్న పెంపుడు జీవి ఇది.

కొవ్వు ఖజానా

ఎడారి ప్రాంతంలో ఏడాది పొడవునా పురుగులు దొరకవు. కాబట్టి దొరికిన రోజుల్లో తిన్నదాన్ని కొవ్వుగా మార్చి తోకలో దాచుకుంటుంది. ఒంటె మూపురంలాగే అన్నమాట! చలికాలంలో ఆ నిల్వే ప్రాణం నిలబెడుతుంది. తోక లావు సుమారుగా మెడ లావుతో సమానంగా ఉంటే బల్లి ఆరోగ్యంగా ఉన్నట్టే. పుల్లలా సన్నబడి, తుంటి ఎముకలు పొడుచుకొస్తే ప్రమాదం. అలాగని మెడకంటే బాగా లావెక్కి, పొట్ట నేలకు ఆనుతూ, ముందుకాళ్ల చంకల్లో బుడిపెల్లా ఉబ్బులు కనిపిస్తే మురిసిపోకూడదు. అది అతి తిండికి గుర్తు కావచ్చు.

నిజానికి ముద్దుగా మేపే ఇళ్లలో వచ్చే చిక్కు ఈ రెండోదే. అడవిలో పండగ తర్వాత పస్తు ఉంటుంది. పెట్టెలో రోజూ పండగే! పేరుకున్న కొవ్వు కాలేయాన్ని కూడా పట్టేస్తుంది. అది ముదిరితే తిండి మానేస్తుంది... అప్పుడు కాపాడటం కష్టం.

మూడు గ్రాముల నుంచి...

గుడ్డులోంచి వచ్చిన పిల్ల బరువు దాదాపు 3 గ్రాములు. అంటే ఇప్పటి చిన్న రూపాయి బిళ్లంత! పొడవు 8, 9 సెంటీమీటర్లు. మొదటి కొన్ని నెలల్లో ఎదుగుదల చాలా వేగం. ఏడాది నుంచి ఏడాదిన్నరలో పూర్తిగా ఎదుగుతుంది. పెద్దవి సాధారణంగా 45 నుంచి 80 గ్రాముల మధ్య తూగుతాయి. మగవి కాస్త ఎక్కువ, ఆడవి కాస్త తక్కువ. ఎంపిక చేసి పెంచిన కొన్ని భారీ రకాలు వంద గ్రాములు దాటతాయి. అందుకే పక్కింటివాళ్ల బల్లితో పోల్చి బెంగపడటం అనవసరం. నిన్నటి తన బరువే దానికి కొలబద్ద.

మూతున్న చిన్న డబ్బాను కాటా మీద పెట్టి సున్నా చేసి, అందులో బల్లిని ఉంచి తూచాలి. పిల్లల్ని వారానికోసారి, పెద్దవాటిని నెలకోసారి. ఆ అంకె ఓ పుస్తకంలో తేదీతో రాసుకోవాలి. 60 గ్రాముల బల్లి 6 గ్రాములు తగ్గిందంటే పదో వంతు పోయినట్టు. చూపుకి ఆ తేడా తెలియదు. కాటాకి తెలుస్తుంది! ఆ స్థాయిలో తగ్గితే సరీసృపాలకు వైద్యం చేసే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

తింటున్నా తగ్గుతోందా?

తగ్గుదల అంతా జబ్బు కాదు. ఆడది ఒక్కో విడతలో రెండేసి గుడ్లు పెడుతుంది, ఆ సమయంలో చిక్కుతుంది. జతకట్టే కాలంలో మగది తిండి మీద ధ్యాస పెట్టదు. శత్రువుకు చిక్కినప్పుడు తోక వదిలేస్తే నిల్వ మొత్తం ఒక్కసారే పోతుంది. కొత్త తోక మొలుస్తుంది కానీ పొట్టిగా, ఉబ్బుగా ఉంటుంది.

బాగానే తింటూ తగ్గుతుంటే ముందు చూడాల్సింది వేడి. ఈ బల్లికి అరగాలంటే వెచ్చదనం కావాలి. పెట్టెలో ఓ వైపు నేల 32 నుంచి 35 డిగ్రీలు, రెండో వైపు 25 డిగ్రీల దాకా ఉండాలి. రెండు చోట్లా దాక్కోవడానికి గూడు ఉండాలి. చల్లటి పెట్టెలో తిన్నది కడుపులోనే కుళ్లుతుంది. వేడి సరిగా ఉన్నా తగ్గుతుంటే పేగుల్లో పరాన్నజీవులు ఉండొచ్చు. క్రిప్టోస్పోరిడియం అనేది వాటిలో మొండిది. తోకను కర్రపుల్లలా మార్చేస్తుంది. పెంట పరీక్షతోనే అనుమానం తీరుతుంది. కొత్తగా తెచ్చిన బల్లిని పాతవాటితో వెంటనే కలపకూడదన్నది అందుకే.

పురుగులే పరమాన్నం

కూరగాయలూ పండ్లూ ముట్టదు. కీచురాళ్లు, పిండిపురుగులు, పెంపకపు బొద్దింకలే ఆహారం. పురుగు దాని రెండు కళ్ల మధ్య దూరం కంటే పెద్దదిగా ఉండకూడదు. పిల్లలకు రోజూ, పెద్దవాటికి వారానికి రెండు మూడుసార్లు చాలు. కొవ్వెక్కువుండే మైనపు పురుగులు మనకు మిఠాయిలాంటివి... ఎప్పుడో ఒకటి! పురుగులకు కాల్షియం పొడి, దాంతోపాటు మోతాదులో విటమిన్ డి3 అద్దిపెట్టాలి. లేకపోతే బరువు బాగానే ఉన్నా ఎముకలు మెత్తబడి కాళ్లు వంకరపోతాయి, దవడ వంగుతుంది. అలా వంగిన ఎముక మళ్లీ పూర్తిగా నిటారు కాదు.

మన కనుమల్లోనూ...

దీని దగ్గరి చుట్టం ఒకటి ఆంధ్ర, ఒడిశాల తూర్పు కనుమల్లో ఉంది. పెద్ద విషమున్న జీవి అనుకుని కనబడితే చంపేస్తుంటారు పాపం. మన దేశంలో విషపు బల్లులే లేవు! దాన్ని చంపకూడదు సరే, పట్టి తెచ్చి పెంచనూకూడదు. దుకాణంలో ఏ సరీసృపాన్ని కొనాలన్నా ముందు చట్టం ఏమంటోందో అటవీశాఖను అడగడం మంచిది.

ఇంకో మాట. సరిగా చూసుకుంటే ఈ బల్లి 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. పదేళ్ల పిల్లాడు ముచ్చటపడి అడిగితే, వాడు ఉద్యోగంలో చేరేదాకా ఆ పెట్టె ఇంట్లో ఉంటుంది. వాడు హాస్టలుకెళ్లాక పురుగులు వేసేదీ, బరువు రాసేదీ అమ్మానాన్నలే. అందుకు సరేననుకున్నాకే తెచ్చుకోవాలి!