భయం నేరం కాదు, మత్తు ఒక్కటి కాదు

దంతవైద్యుని కుర్చీలో వణికే మనిషిని చూసి నవ్వడం మన సమాజంలో మర్యాదగానే చెలామణీ అవుతున్నది. "ఇంత వయసు వచ్చింది, చిన్నపిల్లాడిలా ఏమిటండీ!" అని వైద్యుడంటాడు. వెంట వచ్చిన భార్యో కొడుకో వంత పాడతారు. ఆ రోగి సిగ్గుతో నోరు తెరుస్తాడు, లేదా "మళ్ళీ వస్తాను" అని లేచిపోతాడు. ఆ 'మళ్ళీ' ఎంతకీ రాదు. చిన్న పుప్పి వేరు దాకా దిగుతుంది, చీము పడుతుంది, దవడ వాస్తుంది. గోటితో పోయేదానికి గొడ్డలి అవసరమవుతుంది. కనుక ఆ నవ్వు అవివేకమే కాదు, అపకారం కూడా అని నా వాదన.

భరతముని నాట్యశాస్త్రంలో ఎనిమిది సాత్త్విక భావాలను చెప్పాడు. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. అనగా కొయ్యబారడం, చెమట పట్టడం, గగుర్పాటు, గొంతు మారడం, వణుకు, రంగు వెలవెలబోవడం, కన్నీరు, స్పృహ తప్పడం. మనసులోని క్షోభ దేహం మీద తేలే గుర్తులివి. డ్రిల్లు చప్పుడు వినగానే వీటిలో నాలుగైదు పుట్టే మనిషికి "భయపడకండి" అన్న ఉపదేశం ఏం చేస్తుంది? చెమటను ఆజ్ఞాపించి ఆపగలవాడెవడు?

ఈ భయాన్ని కొలిచే సాధనం కూడా ఉన్నది. 1969లో నార్మన్ కోరా అనే ఆయన నాలుగు ప్రశ్నల కొలమానం తయారు చేశాడు. 1995లో దానికి సూది భయాన్ని చేర్చి, ఐదు ప్రశ్నలుగా సవరించారు. మొత్తం 5 నుంచి 25 మార్కులు. 19 గానీ అంతకు మించి గానీ వస్తే భయం తీవ్రమని లెక్క. రెండు నిమిషాల పని. రక్తపోటు, చక్కెర అడిగే చోట ఈ ఐదు ప్రశ్నలు అడగడానికి అడ్డేమిటి?

చరిత్ర చూస్తే ఈ నిర్లక్ష్యం మరీ వింతగా తోస్తుంది. శస్త్రచికిత్సకు మత్తును ప్రసాదించిన వారిలో దంతవైద్యులే ముందువరుసలో ఉన్నారు. 1844 డిసెంబరు 11న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడ్ పీల్చి, తన పన్నునే పీకించుకున్నాడు. 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో ఈథరు ప్రభావాన్ని లోకానికి చూపిన విలియం మోర్టన్ కూడా దంతవైద్యుడే. ఆ విద్యకు వారసులైన వారు రోగితో "కొంచెం ఓర్చుకోండి" అనడం తాతలిచ్చిన ఆస్తిని అటకెక్కించడమే.

ఇక అసలు చిక్కు భాషలో ఉన్నది. 'మత్తు' అన్న ఒక్క మాటతో నాలుగు వేర్వేరు సంగతులను కట్టిపడేశాం. పంటి చుట్టూ మొద్దుబార్చే లిగ్నొకెయిన్ సూదీ మత్తే, ఒళ్ళు తెలియని నిద్రా మత్తే. అందుకే "మత్తు ఇస్తాం" అనగానే ముసలమ్మ "మళ్ళీ లేస్తానా నాయనా?" అని అడుగుతుంది. ఆమె అజ్ఞాని కాదు. చెప్పినవాడే విడమరచి చెప్పలేదు.

విడమరిస్తే ఇంతే. మొదటిది తిమ్మిరి. ఆ ఒక్క చోటే స్పర్శ మందగిస్తుంది, మెలకువ పోదు. రెండవది తేలిక మగత. ముక్కు మీది తొడుగు గుండా నైట్రస్ ఆక్సైడును ప్రాణవాయువుతో కలిపి పీల్పిస్తారు. కొద్ది నిమిషాల్లో మనసు తేలికపడుతుంది, మాటకు బదులు పలుకుతాం. చివర ఐదు నిమిషాలపాటు ప్రాణవాయువు ఒక్కటే ఇస్తే ప్రభావం దిగిపోతుంది. ముక్కు దిబ్బడ ఉన్నవారికి ఇది కుదరదు, గర్భం తొలి నెలల్లో కూడదు. మూడవది మాత్రతో గానీ నరానికి సూదితో గానీ వచ్చే గాఢమైన మగత. మిడజోలం వంటి మందులు దీనికి వాడతారు. చికిత్స సరిగా గుర్తుండకపోవచ్చు. ఇంటికి తోడు కావాలి, ఆనాడు బండి నడపరాదు. నాల్గవది పూర్తి అచేతన స్థితి. మత్తువైద్యుడు, ఆసుపత్రి, ఉపవాసం తప్పనివి. మగతలో ఉన్నవారికీ పంటి దగ్గర తిమ్మిరి సూది ఉండవలసిందే, ఎందుకంటే మగత భయాన్ని తగ్గిస్తుంది గానీ నొప్పిని పూర్తిగా మాన్పదు.

"మత్తు ప్రమాదం కదా!" అని కొందరి ఆక్షేపణ. నిజమే. మోతాదు మించితే శ్వాస మందగిస్తుంది. పసిపిల్లల్లో, వృద్ధుల్లో, నిద్రలో గురక పెట్టి ఊపిరి ఆగేవారిలో మరింత జాగ్రత్త కావాలి. అయితే ఆ ప్రమాదం చూపి మొత్తం మార్గాన్నే మూసేయడం న్యాయం కాదు. చికిత్స చేసేవాడు వేరు, నాడినీ ఊపిరినీ రక్తంలోని ప్రాణవాయువునూ కనిపెట్టి ఉండేవాడు వేరుగా ఉండాలని పట్టుబట్టడం న్యాయం. "నొప్పి తెలియని వైద్యం" అని బోర్డు కట్టి, కనిపెట్టేవాడెవడో చెప్పని చోటును నేను సమర్థించను. నవ్వే వైద్యుడూ, మురిపించే బోర్డూ రోగికి చెప్పవలసింది చెప్పకపోవడంలో ఒక్కటే.

"అందరికీ ఇవన్నీ ఎందుకు? ఖర్చు కాదా?" అని మరో ఆక్షేపణ. అందరికీ అక్కరలేదు. చాలామందికి ఖర్చులేని ఉపాయమే చాలు. చేయబోయేది ముందు చెప్పడం, పరికరం చూపడం, రోగి చేయెత్తితే ఆగుతానని మాట ఇచ్చి నిలబెట్టుకోవడం. దానితోనూ తీరని భయానికి పైవి. కానీ ఏది కావాలో ఎంచుకోవలసింది రోగి. ఎంచుకోవాలంటే తెలియాలి. ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్రో సంతకమో తీసుకోవడం తెలియజేయడం కాదు.

దంతవైద్యులకు నా మనవి ఒక్కటే. మీ గోడ మీద ఒక తెలుగు కాగితం అంటించండి. ఇక్కడ ఏ రకం మగత దొరుకుతుంది, ఎవరు ఇస్తారు, ఎవరు కనిపెట్టి ఉంటారు, ఎంత ఖర్చు, ఎవరికి పనికిరాదు, ఈ ఐదూ రాయండి. చదువరులకు కూడా ఒక మాట. కుర్చీ ఎక్కక ముందే "నాకు భయం" అని బిగ్గరగా చెప్పండి. ఈ ఐదూ అడగండి. అడిగినందుకు ఎవరైనా నవ్వితే లేచి వచ్చేయండి. అయితే ఇంటికి కాదు, మరో వైద్యుని దగ్గరికి.