పిల్ల ఎక్కడిదో తెలియకుండా గుంట తవ్వొద్దు

పెనుగొలను పేరులోనే పెద్ద కొలను ఉంది. కానీ మనవి సాగర్ ఎడమ కాలువ చివరి భూములు. నీరొచ్చిన ఏడు వరి, రాని ఏడు పత్తి, మిర్చి. మిర్చి ధర పడిపోయి నష్టపోయిన మన సభ్యులు కొందరు, అర ఎకరంలో గుంట తవ్వి తిలాపియా వేద్దామా అని అడుగుతున్నారు. వద్దని మేము అనడం లేదు. లెక్క చూసుకోకుండా దిగొద్దంటున్నాం.

చైనా గొరక, జిలేబీ చేప అని మనం పిలిచేది దీన్నే. 1952లో ఆఫ్రికా రకాన్ని మన దేశానికి తెచ్చారు. ఆడచేప మూడు నాలుగు నెలలకే గుడ్లు పెట్టి, పిల్లల్ని నోట్లో పెట్టుకుని కాపాడుతుంది. దాంతో గుంట నిండా పిల్లలే అవుతాయి. మేత వాటికే పోతుంది, ఏ చేపా పెరగదు. పక్క చెరువుల్లో చేరితే బొచ్చె, రాగండి మేత కూడా తినేస్తుంది. అందుకే 1959లో దీని పెంపకాన్ని నిషేధించారు. 2009లో కేంద్రం షరతులతో అనుమతి ఇచ్చింది. అనుమతి ఉన్న హేచరీ నుంచే, మగపిల్లలనే తేవాలి. పెంచే రైతు కూడా అనుమతి తీసుకోవాలి. చేప బయటికి పోకుండా తూములకు జాలీలు కట్టాలి. ఫిలిప్పీన్స్‌లో 1988లో మొదలుపెట్టి తయారు చేసిన గిఫ్ట్ రకం మీద విజయవాడ దగ్గరే రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం పనిచేస్తోంది. ఇంత దగ్గర మంచి పిల్ల ఉండగా, ఊళ్ళో డబ్బాల్లో తెచ్చి అమ్మేవాళ్ళ దగ్గర చౌకని కొనడం ఎందుకు?

ఇక లెక్క. అర ఎకరంలో 5,000 పిల్లలు వేశామనుకుందాం. నాలుగు వేలు బతికి, ఆరు నెలల్లో ఒక్కొక్కటి 400 గ్రాములు తూగితే 1,600 కిలోలు. కిలో చేపకు కిలోన్నర మేత చొప్పున 2,400 కిలోలు కావాలి. మేత కిలో 40 రూపాయలనుకుంటే మేతకే 96,000. చేప కిలో 70 పలికితే వచ్చేది 1,12,000. మిగిలిన 16,000లోనే పిల్ల, కరెంటు, వలకూలి, గుంట తవ్విన అప్పు మీద వడ్డీ అన్నీ తీరాలి. ధర పది రూపాయలు తగ్గితే ఆ మిగులు కాస్తా పోతుంది. ఆడ, మగ కలిసిన పిల్ల పడి చేప 150 గ్రాముల దగ్గరే ఆగిపోతే మేత ఖర్చు కూడా రాదు. కనుక అమ్మే చోటు, ధర ముందు మాట్లాడుకున్నాకే పలుగు పట్టాలి.

ఇంకో మాట. వానాకాలం గట్టు తెగితే మన గుంటలోని చేప ఊరి చెరువులోకి పోతుంది. ఆ చెరువు మీద బతికేది మత్స్యకార సొసైటీ కుటుంబాలు. మన ఆశ వాళ్ళ నోటికాడ కూడు తీయకూడదు. తిలాపియాకు వచ్చే లేక్ వైరస్ జబ్బు మన దేశంలోనూ 2018లో బయటపడింది. దానికి మందు లేదు. చచ్చిన చేపను కాలువలో పారేయడం మొత్తం ఊరికే చేటు.

ప్రభుత్వానికి మా డిమాండ్లు ఇవి. అనుమతి కాగితాలు మండలంలోనే ఇవ్వాలి. హేచరీ పిల్లను సన్నకారు రైతుకు అందేలా చూడాలి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మామూలు రైతుకు 40, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం సబ్సిడీ ఉంది. ముందు లక్షలు పెట్టగలిగిన వాడికే అది దక్కితే మనకేం ఒరిగింది? కిసాన్ క్రెడిట్ కార్డు చేపల రైతుకూ వర్తిస్తుందని బ్యాంకులకు గట్టిగా చెప్పాలి. పాస్‌బుక్ లేని కౌలు రైతుకూ అది అందాలి.

సభ్యులకు మా సలహా ఒక్కటే. ఒంటరిగా దిగొద్దు. నలుగురైదుగురు కలిసి ఒక గుంటతో మొదలుపెట్టండి. పిల్ల బిల్లు, మేత బిల్లు దాచి, ప్రతి వారం తూకం రాసుకోండి. ఒక పంట లెక్క సంఘం సమావేశంలో అందరి ముందు పెట్టండి. లాభం వస్తే పదిమందికి దారి అవుతుంది. నష్టం వస్తే పదిమందిని కాపాడుతుంది.