విగ్రహాలు లేని విజేతలు

పదవీ విరమణ అనంతరం పిల్లలను చూచుటకై అమెరికా వెళ్ళివచ్చే రైల్వే, తపాలా సోదరుల సంఖ్య పెరుగుతున్నది. న్యూజెర్సీలో బస చేసినవారు న్యూయార్కులోని టైమ్స్ స్క్వేర్ చూడకుండా తిరిగిరారు. దేదీప్యమానమైన వ్యాపార ప్రకటనల ముందు నిలిచి ఫొటోలు తీయించుకుంటారు. ఆ కూడలికి ఉత్తరభాగాన, బ్రాడ్వే, సెవెంత్ ఎవెన్యూల నడుమ, 47వ వీధికి దక్షిణంగా డఫీ స్క్వేర్ అనే చిన్న త్రికోణ స్థలం కలదు. నాటకశాలల మధ్యనున్న ఆ స్మారక స్థలాన్ని సంఘ సభ్యులు ప్రత్యేక దృష్టితో చూడవలసి ఉన్నదని మేము భావిస్తున్నాము.

అక్కడ రెండు విగ్రహాలున్నవి. మొదటిది ఫాదర్ ఫ్రాన్సిస్ డఫీది. మొదటి ప్రపంచయుద్ధంలో ఐరిష్ సంతతివారు అధికంగా గల న్యూయార్కు పటాలానికి ఆయన మతాచార్యుడు. సైనికులతోపాటు ఫ్రాన్సు యుద్ధభూమికి వెళ్ళి, గాయపడినవారికి ఊరటగా నిలిచినవాడు. ఆ శిలువ ముందరి కంచు విగ్రహాన్ని 1937లో ప్రతిష్ఠించారు. రెండవది, 1959లో నెలకొల్పినది, జార్జ్ ఎం. కోహన్‌ది. ఆయన నటుడు, నాటకకర్త, గీతకర్త, నిర్మాత. 1917లో అమెరికా సైనికులను యుద్ధానికి సాగనంపిన ప్రసిద్ధ గీతం ఆయనదే.

కోహన్ ప్రతిభను మేము కాదనము. అయితే ఆ విగ్రహపు పాదపీఠం చెప్పని చరిత్ర ఒకటి ఉన్నది.

1913లో న్యూయార్కు నటీనటులు యాక్టర్స్ ఈక్విటీ అను సంఘాన్ని స్థాపించుకున్నారు. వారాల తరబడి జీతం లేని రిహార్సల్స్, సొంత ఖర్చుతో దుస్తులు, నోటీసు లేకుండా తొలగింపు, ఊరుగాని ఊరిలో నాటకం ఆగిపోతే తిరుగు ప్రయాణానికి చార్జీలు సైతం లేని దుస్థితి - ఇవీ నాటి బాధలు. సంఘాన్ని గుర్తించుటకు నిర్మాతలు నిరాకరించగా, 1919 ఆగస్టు 7న సమ్మె ఆరంభమైనది. కోహన్ నిర్మాతల పక్షాన నిలిచాడు. పోటీగా లేచిన ఫిడెలిటీ లీగ్‌కు ఆయనే అండ. యాజమాన్యపు నీడలో పుట్టే పోటీ సంఘాలు మనకు కొత్త కాదు గదా!

పేరున్న తారలు మాత్రమే పనిమానితే వేరొకరితో నాటకం నడిపించేవారు. కోరస్‌లో ఆడిపాడే అతి తక్కువ వేతనపు యువతులు తమ సంఘాన్ని తాము కట్టుకొని వీధిలోకి వచ్చారు. తెరలు లాగే, దీపాలు వెలిగించే రంగస్థల కార్మికులు, వాద్యకారులు వారితో కలిశారు. అప్పుడు నాటకశాలలు మూతపడ్డవి. డ్రైవరు ఒక్కడే ఆగితే బదులు మనిషిని వెదకుతారు. గార్డు, స్టేషను మాస్టరు, గ్యాంగ్‌మన్ కూడ నిలిస్తే బండి కదలదు. సార్టరు, పోస్ట్‌మన్ చేయి కలిపితేనే తపాలా సమ్మె సమ్మె అవుతుంది. ఈ సత్యమే అక్కడ రుజువైనది. సెప్టెంబరు 6న నిర్మాతలు సంఘాన్ని గుర్తించి, వారానికి 8 ప్రదర్శనలే ప్రమాణమని అంగీకరించారు. కోహన్ తుదివరకు ఆ సంఘంలో చేరలేదు.

ఓడిన పక్షపు నాయకునికి ఆ కూడలిలో విగ్రహమున్నది. గెలిచిన కోరస్ యువతులకు లేదు. కోహన్ విగ్రహాన్ని తొలగించవలెనని మా వాదన కాదు. ఆయన పాటలను ప్రేమించినవారు ఆయనను స్మరించుకున్నారు. అది వారి హక్కు. తమవారిని స్మరించుకొనుట కార్మికుల బాధ్యత. దానిని ఇతరులు నెరవేర్చరు.

ఈ బాధ్యతలో మనమెంత నెరవేర్చాము? 1960 జూలైలో కేంద్రప్రభుత్వోద్యోగులు జీవనవ్యయానికి తగిన కరువుభత్యం కోరి సమ్మెకట్టారు. 1974 మే 8 నుండి 27 వరకు రైల్వే కార్మికులు చక్రాలు ఆపారు. వేలాదిమంది జైళ్ళకు వెళ్ళారు, ఉద్యోగాలు కోల్పోయారు. నాటి ప్రధాన కోర్కెలలో ఒకటైన బోనసు 1979లో రైల్వేలకు దక్కినది. దసరా ముందు ఆ సొమ్మును అందుకొనే యువ ఉద్యోగికి దాని వెనుకనున్న క్వార్టర్ల ఖాళీ, జైలుగోడలు, కుటుంబాల పస్తులు ఎవరు చెప్పాలి?

1974లో 20 ఏళ్ళ యువకుడు నేడు 70 దాటిన వృద్ధుడు. ఆలస్యమైతే అడుగుటకు మనిషి మిగలడు. కావున ప్రతి శాఖ తన పరిధిలో ఆనాడు పాల్గొన్నవారి పేర్లు, వారి అనుభవాలు ఒక పుస్తకంలో వ్రాయించవలెను. వార్షిక సభలో ఆ పేర్లు చదివి వినిపించవలెను. దీనికి చందాలు అక్కరలేదు, కంచు అక్కరలేదు. ఒక నోటుపుస్తకం, ఓపికగా వినే ఒక యువ కార్యకర్త చాలు.