బాండు కాగితంలో అమ్మ సంతకం

లారీ డ్రైవింగు కంపెనీవాళ్ళే ఊరికే నేర్పిస్తారంట, నేర్చుకున్నాక ఉద్యోగం కూడా వాళ్ళే ఇస్తారంట. ఈ మాట వింటే ఇంట్లో మగపిల్లలున్న ఏ తల్లికైనా ప్రాణం లేచొస్తుంది. నన్నడిగితే, పిల్లవాడికి ఇష్టముంటే చేరమనే అంటాను. కానీ ఆ 'ఊరికే' అన్న మాటను మాత్రం నమ్మను. డబ్బు కట్టించుకోరు, సంతకాలు పెట్టించుకుంటారు. ఆ సంతకాల్లో ఒకటి మనదే కావచ్చు.

మా పెద్ద ఆడబిడ్డ కొడుక్కి ఇరవై రెండేళ్ళు. చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. కళ్యాణదుర్గం దగ్గర వాళ్ళకు ఐదెకరాల చేనుంది, అందులో చెనిక్కాయ వేస్తారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. ఆ కాస్త వాన కూడా ఊడలు దిగే వేళకు మొహం చాటేస్తే ఏమవుతుందో ఇక్కడి ఆడవాళ్ళకు చెప్పక్కర్లేదు. రెండు బోర్లు వేస్తే రెండూ ఎండిపోయాయి. "ఆ చేన్లో నాకు పనేముందత్తా?" అని వాడడిగితే నా దగ్గర జవాబు లేదు. రోడ్డు మీదైతే పనుంది. 44వ నంబరు జాతీయ రహదారి మన పక్కనుంచే పోతోంది. తాడిపత్రి సిమెంటు, నల్ల బండలు, మన చీనీకాయలు, 2019 నుంచి పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో తయారయ్యే కార్లు, ఏది బయటికి పోవాలన్నా లారీ ఎక్కాల్సిందే.

వెనకటికి లారీ నేర్చుకోవాలంటే క్లీనరుగా చేరడమే దారి. మా చిన్నాన్న అట్లాగే నేర్చుకున్నాడు. నాలుగేళ్ళు టైర్లు తట్టి చూసి, టీలు మోసి, తిట్లు తిని, చివరికి డ్రైవరుకు నిద్ర ముంచుకొచ్చిన ఒక రాత్రి తొలిసారి స్టీరింగు పట్టుకున్నాడు. ఆ కథ ఇప్పటికీ గొప్పగా చెప్తాడు. ఆ రాత్రి ఎదురుగా వచ్చిన వాళ్ళ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. (చిన్నాన్న ఇవన్నీ చదవడులెండి.) అంతకంటే తరగతి గదిలో కూర్చోబెట్టి, పక్కన నేర్పే మనిషిని పెట్టి బండి ఇవ్వడం వెయ్యిరెట్లు నయం. తమిళనాడులోని నామక్కల్‌లో అశోక్ లేలాండ్ వాళ్ళ డ్రైవర్ శిక్షణ సంస్థ 1995 నుంచే ఉంది. ఇక మన డబ్బుతో డ్రైవింగు స్కూల్లో చేర్పించాలంటే ఆ ఫీజు ఎక్కడినుంచి వస్తుంది? అమ్మ డ్వాక్రా లోనులోంచే కదా. అందుకే కంపెనీ ట్రైనింగును నేను తీసిపారేయను.

లైసెన్సు సంగతి ముందు తెలుసుకోండి. లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు వచ్చి ఏడాది నిండితే గానీ లారీకి ఎల్.ఎల్.ఆర్. ఇవ్వరు, ఇరవై ఏళ్ళ వయసూ ఉండాలి. నెల రోజుల్లో ఎవరినైనా హెవీ డ్రైవర్ని చేసేస్తామని ఎవరైనా చెప్తే అక్కడే ఆగి అడగాలి. మా వాడికి కారు లైసెన్సు వచ్చి రెండేళ్ళయింది కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

ఇబ్బందల్లా కాగితాలతోనే. వదిన తెచ్చి నా ముందు పెట్టినవి నాలుగు పేజీలు, అన్నీ ఇంగ్లీషే. ట్రైనింగు తర్వాత రెండేళ్ళు అక్కడే పనిచేయాలి, మధ్యలో మానేస్తే లక్షా ఇరవై వేలు కట్టాలి. మొదటి నెలలో మానేసినా, ఇరవై మూడో నెలలో మానేసినా అదే మొత్తం! పదో తరగతి ఒరిజినల్ సర్టిఫికెట్ వాళ్ళ దగ్గరే ఉంచాలి. ఆఖరి పేజీలో షూరిటీ అని ఒక గీత, కింద తల్లి లేక తండ్రి అని రాసుంది.

"బాండ్లు కోర్టులో చెల్లవులే వదినా, పెట్టేయ్" అని చుట్టాలు ధైర్యం చెప్పారు. అది తప్పు. 2025 మేలో సుప్రీంకోర్టు, మూడేళ్ళలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతు చెల్లుతుందనే చెప్పింది. అయితే కాగితంలో రాసినంతా కంపెనీకి వచ్చేస్తుందనీ కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం, రాసిన మొత్తం లోపల సమంజసమైన పరిహారమే ఇప్పిస్తారు. కానీ అదే చట్టం 128వ సెక్షను మాటేమిటి? కాగితంలో వేరేగా రాసుకోకపోతే, షూరిటీ పెట్టిన మనిషి బాధ్యత అసలు మనిషి బాధ్యతతో సమానం. అంటే స్టీరింగు వాడిది, బాకీ మాత్రం వాళ్ళమ్మది కూడా. ఉన్న ఒక్క ఇల్లూ ఆమె పేరు మీదే ఉంది.

అందుకే నేను మూడు అడగమన్నాను. పనిచేసిన ప్రతి నెలకూ బాండు మొత్తం తగ్గాలి. సర్టిఫికెట్ చూసుకుని తిరిగిచ్చేయాలి. షూరిటీ వద్దు, వాడికి ఇరవై రెండేళ్ళు, వాడి సంతకం చాలు. జీతం ఎంత, బత్తా ఎంత, ఈ.ఎస్.ఐ. ఉందా, నెలకు ఎన్ని రోజులు ఇంటికి పంపుతారు అన్నవి కూడా అడిగి రాయించుకోమన్నాను. రేపు వాడికి పెళ్ళయితే వచ్చే పిల్ల అడిగే మొదటి ప్రశ్న ఆ ఆఖరిదే. కొత్తగా తయారయ్యే లారీల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి చేశారు కాబట్టి ఏ బండి ఇస్తారో కూడా అడగొచ్చు. మన మే నెల ఎండలు తెలిసినవాళ్ళకు అదేమీ గొంతెమ్మ కోరిక అనిపించదు.

ఆడపిల్ల అడిగినా నేనిదే చెప్తాను. యాదాద్రి భువనగిరి జిల్లా సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో మొదటి మహిళా బస్సు డ్రైవరుగా చేరింది. 2025లో తెలంగాణ ఆర్టీసీకి వచ్చి ఇక్కడా మొదటి మహిళా డ్రైవరయింది. సంస్థ మారినా చేతిలో పని ఆమెదే. మా వాడికీ రేపు కంపెనీ నచ్చకపోతే లైసెన్సు జేబులో పెట్టుకుని బయటికి రాగలగాలి.

వాడు ఫోను చేసి అడిగాడు. సర్టిఫికెట్ తిరిగిస్తామన్నారు. నెలనెలా తగ్గించడం గురించి పై ఆఫీసును అడుగుతామన్నారు. షూరిటీ దగ్గర మాత్రం, తల్లి కాకపోతే తండ్రి పెట్టినా పర్వాలేదన్నారు. ఆయన బెంగళూరులో బేల్దారి పనిలో ఉన్నాడు. బ్యాచి వచ్చే సోమవారం మొదలవుతుందట. వదిన ఆ ఆఖరి పేజీని విడిగా తీసి బియ్యం డబ్బా కింద పెట్టింది, పై ఆఫీసు నుంచి మాట రానీ అంటోంది.