తొలి తెలుగు టాకీ పుట్టినరోజు ఏది?

మా హోసూరు ప్రాంతపు పిల్లలకు ఆగస్టు 29 గిడుగు వారి జయంతి అని గుర్తుండదు గాని, అభిమాన నటుల పుట్టినరోజులన్నీ కంఠస్థం. ఇందుకు వారిని కసరుకోవడం నాకు సమ్మతం కాదు. ఆ ఉత్సాహాన్ని పాఠం వైపు మళ్లించడమే మన పని.

'భక్త ప్రహ్లాద' సంగతే చూడండి. హెచ్.ఎం.రెడ్డి గారి దర్శకత్వంలో వచ్చిన ఈ తొలి పూర్తి తెలుగు టాకీ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల తరబడి చెప్పుకొన్నాం, వేడుకలూ జరుపుకొన్నాం. నేనూ నల్లబల్లపై అదే తేదీ వ్రాశాను. పాత్రికేయులు రెంటాల జయదేవ గారు పాత ఆధారాలు వెదకి, చిత్రం సెన్సారైంది 1932 జనవరి 22న అనీ, బొంబాయి కృష్ణా సినిమాలో విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న అనీ నిరూపించారు. సెన్సారు కాని చిత్రం నాలుగు నెలల ముందే ఎలా విడుదలవుతుంది?

తరగతిలో నా తప్పు ఒప్పుకొని తేదీ దిద్దాను. "అయితే పుస్తకంలో కూడా తప్పు ఉండవచ్చా, అయ్యా?" అని ఒక బాలిక అడిగింది. ఆ ఒక్క ప్రశ్న పది పాఠాలకు సాటి.

మరొక మాట. ఆ చిత్రం తయారైందీ, తొలుత ఆడిందీ తెలుగునాట కాదు, బొంబాయిలో. తెలుగు తమది కాదేమోనని సంకోచించే సరిహద్దు పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పాలి. కనుక తోటి ఉపాధ్యాయులారా, ఫిబ్రవరి 6న మీ తరగతిలోనూ ఈ కథ చెప్పండి. తేదీతో పాటు దానికి ఆధారమేదని అడగడమూ నేర్పండి.