నొప్పి కంటే రాత్రి మాత్రే ప్రమాదం

అమెరికాలో పైలట్ శిక్షణలో ఉన్న మన పిల్లలూ, సెలవు రోజుల్లో చిన్న విమానం నడిపే పెద్దలూ ఒక సంగతి వెంటనే గుర్తించాలి. కీళ్లవాతం ఉందని తేలినంత మాత్రాన మెడికల్ సర్టిఫికెట్ పోదు. దాచిపెడితే పోతుంది.

జబ్బు అదుపులో ఉండి, కీళ్లు సరిగా పనిచేస్తూ, వైద్యం చేస్తున్న డాక్టరు కాగితం చేతిలో ఉంటే, అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ గుర్తింపు ఉన్న వైద్యుడే అక్కడికక్కడ సర్టిఫికెట్ ఇవ్వగలడు. మెథోట్రెక్సేట్ వాడుతున్నా దారి ఉంది. హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడేవాళ్లు కంటి పరీక్ష రిపోర్టు కూడా చూపాలి.

అసలు భయం మందుల షాపులో చీటీ లేకుండా దొరికే మాత్రలతోనే. నొప్పి తగ్గి నిద్ర కూడా పడుతుందని చాలామంది పేరు చివర ‘పీఎం’ ఉన్న మాత్ర వేసుకుంటారు. అందులో నిద్ర తెప్పించేది డైఫెన్‌హైడ్రమిన్. అది వేసుకున్నాక 60 గంటలు, అంటే రెండున్నర రోజులు, విమానం నడపకూడదని ఎఫ్‌ఏఏ చెబుతోంది. ప్రమాదాల్లో చనిపోయిన పైలట్ల రక్త పరీక్షలను పరిశీలించి, అక్కడి రవాణా ప్రమాదాలపై దర్యాప్తు చేసే ఎన్‌టీఎస్‌బీ 2014లో నివేదిక ఇచ్చింది. మత్తు కలిగించే మందుల్లో ఎక్కువగా కనబడింది ఈ డైఫెన్‌హైడ్రమినే. పొద్దున్నే లేచాక మత్తు దిగిపోయిందనే అనిపిస్తుంది. ఆ అనిపించడాన్ని నమ్మకండి. ఇంటి నుంచి అమ్మ పంపిన మాత్రల్లో ట్రమడాల్ ఉందేమో అట్ట తిప్పి చదవండి. అది వాడుతూ విమానం నడపడానికి అసలు వీల్లేదు.

మెడికల్ సర్టిఫికెట్ దరఖాస్తులో మీరు వాడే మందులన్నీ, చీటీ లేకుండా కొన్నవి కూడా, రాయాలి. గత 3 ఏళ్లలో ఏ డాక్టరు దగ్గరికి వెళ్లారో కూడా చెప్పాలి. అబద్ధం రాస్తే 2,50,000 డాలర్ల దాకా జరిమానా, 5 ఏళ్ల దాకా జైలు. పైలట్ లైసెన్సు కూడా రద్దు కావచ్చు. పరీక్ష గట్టెక్కాలని మందు మానేసేవాళ్లూ ఉన్నారు. అది ఇంకా తెలివితక్కువ పని. అదుపు తప్పిన వాతం కీలును తినేస్తే మళ్లీ బాగుపడదు.

సర్టిఫికెట్ జేబులో ఉన్నా ఆ రోజు బాధ్యత మీదే. వేళ్లు బిగుసుకుని పిడికిలి పట్టకపోతే, మడమ వాచి రడ్డర్ పెడల్‌ను చివరిదాకా తొక్కలేకపోతే, అడ్డగాలిలో దిగేటప్పుడు విమానం రన్‌వే పక్కకు పోతుంది. అలాంటి రోజు నడపకూడదని ఎఫ్‌ఏఏ 61.53 నిబంధన సూటిగా చెబుతోంది.

వైద్యుడు పరీక్ష మొదలుపెట్టాడంటే ఫలితం ఎఫ్‌ఏఏకి వెళ్లి తీరుతుంది. కాబట్టి ముందుగా ఫోన్ చేసి, ఏ కాగితాలు కావాలో అడిగి, అవన్నీ చేతికొచ్చాకే అపాయింట్‌మెంట్ తీసుకోండి.